శేషం

మా నాయనకి మనుషులంతా అంగుళాలే.
చంద్రగిరి పాతపేటలో కొట్టు, కాలుమిషను,
మెడలో పసుపు టేపు. దాని నిడివి అరవై.
అరవై దాటిన మనిషికి బొటనేలు ఆనించి
పైది నోటితో కలుపుకుంటాడు.
"తాసిల్దారు అరవై ఎనిమిది. వాళ్లావిడ అరవై మూడు.
మా వల్లి యాభై తొమ్మిదిన్నర."
టేపు ఇత్తడి మొన నా నెత్తి మీద
అరంగుళం గాల్లో ఆడతా ఉంటాది.
అడుగులు ఎందుకు చెప్పవు నాయనా అంటే
"అయి మేస్త్రీలకి మేయ్. గోడ కదలదు గదా."

పోలీసు సెలక్షన్ కాగితంలో అడుగులే ఉన్నాయి.
ఐదు. దాని పక్కన ఏమీ లేదు.
అరవైని పన్నెండుతో భాగిస్తే ఐదు, శేషం సున్న.
నన్ను భాగిస్తే నాలుగు,
శేషం పదకొండున్నర.
కొలతల పుస్తకం ఎనకట్ట మీద
ఎన్నిసార్లు చేసినా నాలుగే వచ్చింది.
నాయన నోట్లో నాకు తక్కువ
కత్తెర మొన అంత.
భాగారంలో
ముందు అంకే పడిపోయింది.

పడుకోని లేస్తే ఎన్నుపూస సాగుతాదని
డ్రిల్లు సారు చెప్పినాడు.
నాయన నమ్మినాడు. గుడ్డ సాగుతాది, మనిషి సాగడా?
ముందురోజు రాత్రి కటింగు బల్ల మీద
దుప్పటేసి నన్ను పండేసినాడు.
తెల్లారి నాలుగుకి పండుకోనుండంగానే కొలిచినాడు.
అరవై.
టార్చి ఏసి మళ్లా. అరవై.
"లెయ్యబాక."
మునస్వామి లగేజీ ఆటోలో, టమాటా ట్రేల మధ్య
సాప మీద పొడుగ్గా నేను,
తల కదలకుండా పట్టుకోని మా నాయన.
తొండవాడ కాడ ఎవురో సైకిలు దిగి
చెప్పులిడిచి దండం పెట్టినారు,
శవమనుకోని.
"నవ్వబాక మేయ్, నవ్వితే తగ్గుతావు"
అని ఆయనే నవ్వినాడు.

తిరపతి గ్రౌండులో ఏడుకి నిలబడితే
పదకొండున్నరకి నా వంతు.
ఎండ నెత్తిన కూర్చోని నన్ను కిందికి తొక్కింది.
నా ముందు రంగంపేట పిల్ల,
ఎనక పలమనేరు పిల్ల, గుక్కెడు నీళ్లకి ముగ్గురం.
కొప్పులు ఇప్పించినారు.
మడమ కింద కాగితం తోసి చూసినారు.
ఇనప కమ్మీ నడినెత్తిన సల్లగా తగిలింది.
"నాలుగు పదకొండున్నర. ఓ అడుగు పక్కకి రామ్మా."

అడుగు.

ఎదురుగా శేషాచలం
మబ్బు కప్పుకోని, పొద్దెక్కినా
అడ్డంగా పండుకోనే ఉంది.
దాన్నెవురూ నిలబడమనలా.

గేటు బయట నాయన ఏమీ అడగలా.
టేపు మెడలో లేదు, జేబులోకి పోయింది.
బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా
ఇద్దరం నిలబడే వచ్చినాం.

సంవత్సరానికి రంగంపేట పిల్ల
కాకీ గుడ్డ తెచ్చింది, మా కొట్టుకే.
నాయన చెప్తా ఉంటే నేను రాసినా.
భుజం పద్నాలుగు. పొడవు ఇరవై ఆరు.
అంచు మడతలో అరంగుళం జాస్తి ఇడిచినాడు.
ఎందుకంటే పలకలా,
సుద్దముక్క నోట్లో పెట్టుకున్నాడు.

ఆ పిల్ల పోయినాక, పని లేనట్టు,
ఆయన్ని తలుపు కమ్మీకి ఆనించి కొలిచినా.
పెండ్లినాటికి అరవై రెండంట,
మిషను మీద వొంగి వొంగి యాడ పోయిందో.
మడమ నించి నడినెత్తికి
టేపు సరిగ్గా సరిపోయింది.
"ఐదడుగులు" అన్నా.
"అరవై అని రాయి మేయ్, ఇడగొట్టబాక."

షట్టరు పైనే ఇరుక్కుంది.
ఇద్దరికీ అందలా.
ఎగిరి ఎగిరి లాగినాం.